డిఫికల్టీ తగ్గించాలా, బిల్డ్ మార్చాలా? ఓపెన్ వరల్డ్ ఆటల్లో ఎవరికి ఏది సరిపోతుంది

శుక్రవారం రాత్రి బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లోంచి బయటపడి, మారతహళ్ళిలో రూముకి చేరి, మెస్‌లో రెండు ముద్దలు తిని కూర్చునేసరికి పదిన్నర. పొద్దున్నే అనంతపురం బస్సు. చేతిలో ఉన్నది గంటన్నర. ఆ గంటన్నరా ఆటలో ఒకే బాస్ (దారికడ్డంగా నిలబడే పెద్ద శత్రువు) చేతిలో పదహారుసార్లు చచ్చి, లాప్‌టాప్ మూసేసి పడుకున్న రాత్రులు నాకు చాలానే ఉన్నాయి. పొద్దున బస్సులో కిటికీ పక్క సీటు దొరికినా కళ్ళ ముందు ఆ బాసే.

మొన్న మా పిన్ని కొడుకు ఎస్పీ రోడ్డులో నాలుగు కొట్లు తిరిగి గ్రాఫిక్స్ కార్డు కొనుక్కున్నాడు. ఆ రాత్రే ఫోన్. "అన్నా, ఎల్డెన్ రింగ్ మొదలుపెట్టనా, విచరా, స్కైరిమా? ఏ బిల్డ్ తీసుకోను? డిఫికల్టీ ఎంత పెట్టను?" నేను తిరిగి అడిగింది ఒక్కటే. "వారానికి ఎన్నిసార్లు కూర్చుంటావురా, కూర్చుంటే ఎంతసేపు?" వాడికి ఆ ప్రశ్న నచ్చలేదు. గేమ్ గురించి అడిగితే టైమ్‌టేబుల్ అడుగుతాడేంటి అనుకున్నాడు.

నేను కావాలనే అడిగాను. మెనూలో కనిపించే ఈజీ, నార్మల్, హార్డ్ సగం డిఫికల్టీ మాత్రమే. మిగతా సగం మీరు ఎంచుకున్న బిల్డ్‌లో, అంటే మీ పాత్రకి ఇచ్చే ఆయుధాలు, నేర్పే విద్యల కూర్పులో ఉంటుంది. ఒకే ఆటని ఒకే సెట్టింగ్‌లో ఒకడు కత్తితో ఆడితే నరకం, ఇంకొకడు విల్లుతో ఆడితే పిక్నిక్. ఏ బిల్డ్ తేలిక అన్నది మళ్ళీ మీ రోజు ఎలా నడుస్తుందన్న దాని మీద ఉంటుంది. అందుకే ఆటల కంటే ముందు కొలతలు చెప్తాను.

ముందు చూసుకోవాల్సినవి

మొదటిది, చస్తే ఏం పోతుంది. కొన్ని ఆటల్లో ముప్పై సెకన్లు పోతాయి. కొన్నింట్లో పావుగంట నడిచి మళ్ళీ అక్కడికి చేరాలి. గంటన్నర మాత్రమే చేతిలో ఉన్నవాడికి ఈ తేడా చాలా పెద్దది.

రెండోది, కష్టం ఎక్కడి నుంచి వస్తోంది. కొన్ని ఆటల్లో డిఫికల్టీ పెంచితే శత్రువు తెలివి ఏమీ పెరగదు, మన దెబ్బ బలం తగ్గి వాడి దెబ్బ బలం పెరుగుతుంది, అంతే. పీజీలో కొత్తగా నలుగురు చేరితే పప్పులో ఇంకో చెంబు నీళ్ళు పోస్తారే, అలాంటిదన్నమాట. గిన్నె నిండుతుంది కానీ రుచి పెరగదు. ఇంకొన్ని ఆటల్లో కష్టం శత్రువు కదలికలో ఉంటుంది. ఎప్పుడు కొడతాడు, ఎప్పుడు కొట్టబోయి ఆగుతాడు అన్నది నేర్చుకోవాలి. మొదటి రకం కష్టాన్ని బిల్డ్‌తో దాటొచ్చు. రెండో రకాన్ని బిల్డ్‌తో సగమే దాటగలం.

మూడోది, నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది, చేయి మరిచిపోవడం. సంక్రాంతికి ఊరెళ్ళి పది రోజుల తర్వాత తిరిగొచ్చి ఆట తెరిస్తే ఏ బటన్ దేనికో గుర్తుండదు. ప్యారీ (వచ్చే దెబ్బని సమయానికి తిప్పికొట్టడం), రోల్ (దొర్లి తప్పించుకోవడం) టైమింగ్ లాంటివి వేళ్ళలో ఉంటాయి, వాడకపోతే పోతాయి. ముందుగా మందు తయారుచేసుకోవడం, కత్తికి నూనె పూయడం, చాటు నుంచి కొట్టడం లాంటివి బుర్రలో ఉంటాయి. అవి అంత త్వరగా పోవు. కాబట్టి బిల్డ్‌లన్నిటినీ నేను రెండు కుప్పలు చేస్తాను, చేతి బిల్డ్‌లు, బుర్ర బిల్డ్‌లు.

నాలుగోది, మనసు మారితే దారి ఉందా. ముప్పై గంటలు ఆడాక ఈ గొడ్డలి నాకు వద్దనిపిస్తే వెనక్కి తీసుకోనిస్తుందా?

ఐదోది చిన్నదే కానీ ఇంటి దగ్గర తేడా తెలుస్తుంది. పాజ్ ఉందా? అమ్మ తొమ్మిదింటికి ఫోన్ చేస్తుంది, "తిన్నావా నాన్నా" అంటుంది. ఆ సమయంలో బాస్ ఫైట్‌లో ఉంటే ఏం చేస్తారు?

| ఆట | డిఫికల్టీ మార్చొచ్చా | కష్టం ఎక్కడుంది | పాజ్ | బిల్డ్ మార్చుకోవడం |
|---|---|---|---|---|
| స్కైరిమ్ (2011) | ఎప్పుడైనా, 6 స్థాయిలు | అంకెల్లో | ఉంది | కొత్తది వాడుతూ పోతే అదే మారుతుంది |
| విచర్ 3 (2015) | ఎప్పుడైనా, 4 స్థాయిలు | అంకెల్లో కొంత, తయారీలో ఎక్కువ | ఉంది | ఒక మందు తాగితే పాయింట్లన్నీ తిరిగొస్తాయి |
| ఎల్డెన్ రింగ్ (2022) | అసలు లేదు | శత్రువు కదలికలో | లేదనే అనుకోండి | ఒక బాస్‌ని ఓడించాక, లెక్కపెట్టినన్నిసార్లు |
| సైబర్‌పంక్ 2077 (2020) | ఎప్పుడైనా, 4 స్థాయిలు | అంకెల్లో | ఉంది | పెర్క్‌లు (అదనపు విద్యలు) ఎప్పుడైనా, యాట్రిబ్యూట్లు (బలం, తెలివి లాంటివి) ఒక్కసారి |
| కింగ్‌డమ్ కమ్: డెలివరెన్స్ (2018) | మామూలు, హార్డ్‌కోర్ అంతే | మొదట్లో చేతిలో, తర్వాత అంకెల్లో | ఉంది | ఏది సాధన చేస్తే అది వస్తుంది |

స్కైరిమ్: అంకెల ఆట

బెథెస్డా ఈ ఆటని 2011 నవంబరులో వదిలింది. ఇప్పటికీ మా రూములో ఎవరో ఒకరు ఆడుతూనే ఉంటారు. ఇందులో క్లాసు, అంటే యోధుడా మంత్రగాడా అన్న రకం, ఎంచుకునే పని లేదు. 18 స్కిల్స్ ఉన్నాయి, ఏది వాడితే అది పెరుగుతుంది. కత్తి తిప్పితే కత్తి, నక్కి నడిస్తే నక్కడం. డిఫికల్టీ మాత్రం శుద్ధ గుణకారం. చూడండి:

| స్థాయి | మన దెబ్బ | మనకు తగిలే దెబ్బ |
|---|---|---|
| నావిస్ | 2 రెట్లు | సగం |
| అప్రెంటిస్ | 1.5 రెట్లు | 0.75 |
| అడెప్ట్ | 1 | 1 |
| ఎక్స్‌పర్ట్ | 0.75 | 1.5 రెట్లు |
| మాస్టర్ | సగం | 2 రెట్లు |
| లెజెండరీ | పావు | 3 రెట్లు |

లెజెండరీలో ఒక దొంగని చంపడానికి నాలుగింతలు కొట్టాలి, వాడు మూడింతలు గట్టిగా కొడతాడు. దొంగ మాత్రం అదే దొంగ, కొత్తగా ఒక్క ఎత్తు కూడా నేర్చుకోడు. పప్పులో నీళ్ళంటే ఇదే.

ఈ పట్టిక చూస్తే ఏ బిల్డ్ ఎక్కడ నిలబడుతుందో మీరే లెక్కేసుకోవచ్చు. చాటు నుంచి బాకుతో పొడిస్తే, స్నీక్ (నక్కడం) 50 దాటాక తీసుకునే పెర్క్‌తో, దెబ్బ 15 రెట్లవుతుంది. లెజెండరీలో దాన్ని నాలుగుతో భాగించినా 3.75 రెట్లు మిగులుతుంది. అంటే అందరికంటే కష్టమైన స్థాయిలో కూడా ఆ ఒక్క పోటు మామూలు స్థాయి మామూలు దెబ్బకి మూడింతల పైన. విల్లుకి అదే దారిలో 3 రెట్లు వస్తాయి కాబట్టి 0.75 దగ్గర ఆగుతుంది. తక్కువే, కానీ దూరం నుంచి కొట్టి చీకట్లోకి జరిగిపోవచ్చు. ప్రపంచంలో ప్రతి ఒక్కడూ ఏ బిల్డ్‌తో మొదలుపెట్టినా చివరికి చాటు విలుకాడు అవుతాడని జోక్ ఉంది. జోక్ వెనక ఉన్నది ఈ లెక్కే.

నిప్పు మంత్రాలు పట్టుకున్నవాడు మాత్రం పైకి వెళ్ళేకొద్దీ ఏడుస్తాడు. స్కిల్ పెరిగితే మంత్రం ఖర్చు తగ్గుతుందే తప్ప దాని దెబ్బ పెరగదు. పెర్క్‌లతో కాస్త పెరుగుతుంది, అంతే. ఎక్స్‌పర్ట్ దాటి పైకి వెళ్ళాలనుకునే మంత్రగాళ్ళకి నా సలహా ఇల్యూజన్. శత్రువుని శాంతపరచడం, ఒకరి మీదకి ఒకర్ని ఉసిగొల్పడం, మాయమైపోవడం. వీటిలో దెబ్బ అనే అంకె లేదు కాబట్టి ఆ గుణకారం వీటి జోలికి రాదు. ఎంత లెవెల్ శత్రువు దాకా పనిచేస్తుందన్న హద్దు మాత్రం ఉంటుంది.

బరువైన కవచం, రెండు చేతుల గొడ్డలి మంచి సరదా. కవచం అంకె 567 చేరితే దెబ్బ 80 శాతం తగ్గుతుంది, అక్కడితో హద్దు. కమ్మరిపని, ఎన్‌చాంటింగ్ (వస్తువులకి మంత్రశక్తి ఎక్కించడం) నేర్చుకుంటే ఎంత పై స్థాయి అయినా బొమ్మలాట అవుతుంది. అదే దాని సమస్య. నలభై గంటలు సమ్మెటతో కొట్టి, నలభై ఒకటో గంటలో అన్నీ ఒక్క దెబ్బకి పడిపోతుంటే ఇక ఆడాలనిపించదు.

పాజ్ అంటే ఇందులో మహారాజ యోగం. మెనూ తెరిస్తే కాలం ఆగిపోతుంది. చావుకి అంగుళం దూరంలో కూడా మూటలోంచి ఇరవై జున్ను ముక్కలు తీసి తినొచ్చు, అమ్మతో పావుగంట మాట్లాడి రావొచ్చు. ఎక్కడైనా సేవ్ చేసుకోవచ్చు. కాకపోతే ఆ సేవ్ మీరే చేసుకోవాలి. మే నెల సాయంత్రం బెంగళూరులో వాన మొదలవగానే కరెంటు పోతుంది. యూపీఎస్ లేని డెస్క్‌టాప్ మీద ఒక గుహలో గంట తిరిగి ఒక్కసారి కూడా సేవ్ చేయని నా బాధ మీకు వద్దు.

నేను సూచించే స్థాయి: అడెప్ట్‌తో మొదలుపెట్టి, పోట్లాటలు విసుగనిపించినప్పుడు ఎక్స్‌పర్ట్. దాని పైన పోట్లాటల పొడవు పెరుగుతుంది, వాటి రుచి మారదు.

విచర్ 3: వంటింటి ఆట

ఇక్కడ మీరు ఎవరో ముందే నిర్ణయమైపోయింది. గెరాల్ట్, వీపు మీద రెండు కత్తులు. మనుషులకి ఉక్కు, రాక్షసులకి వెండి. బిల్డ్ అంటే మూడు దారులు. ఎరుపు కత్తిసాము, నీలం సైన్‌లు అనే చిన్న మంత్రాలు, ఆకుపచ్చ ఆల్కెమీ, అంటే మందుల తయారీ. నేర్చుకున్న స్కిల్ ఊరికే పనిచేయదు, ఖాళీ గడిలో పెట్టాలి. గడులు తక్కువ కాబట్టి అన్నీ కావాలంటే కుదరదు.

నాలుగు స్థాయిల్లో అసలు గీత రెండో దానికి, మూడో దానికి మధ్య ఉంది. మొదటి రెండింట్లో ధ్యానం చేస్తే ఒంట్లో బలం తిరిగొస్తుంది. మూడోది బ్లడ్ అండ్ బ్రోకెన్ బోన్స్, నాలుగోది డెత్ మార్చ్. వీటిలో రాదు. ఈ ఒక్క మార్పుతో ఆట వేరే అయిపోతుంది. కింది స్థాయిలో చెత్తలా పడేసిన రొట్టె, మాంసం, స్వాలో అనే మందు పైస్థాయిలో బంగారం. రాక్షసుడి గురించి పుస్తకంలో చదివి, దానికి తగ్గ నూనె కత్తికి పూసి వెళ్ళకపోతే దెబ్బ తినక తప్పదు. ఉదాహరణకి మిట్టమధ్యాహ్నం పొలాల్లో తిరిగే నూన్‌రెయిత్ అనే దయ్యం ఉంది. యర్డెన్ అనే మంత్ర వలయం గీసి అందులోకి లాగితేనే దానికి కత్తి సరిగ్గా తగులుతుంది. అది తెలియనివాడు ఎంత బాగా దూకినా గాల్లో కత్తి తిప్పుతున్నట్టే.

ఎరుపు దారి చేతి బిల్డ్. రోజూ ఆడేవాళ్ళకి బాగుంటుంది. నీలంలో క్వెన్ అనే కవచ మంత్రం ఒక్కటి ఉంటే చాలు, మొదటి పది లెవెల్స్ ఎవరైనా గడిపేస్తారు. ఆక్సీ అనే మనసు మళ్ళించే మంత్రం నేర్చుకుంటే మాటల్లో కూడా పనికొస్తుంది, కొన్ని గొడవలు కత్తి దూయకుండానే తేలిపోతాయి.

నాకు నచ్చింది ఆకుపచ్చ. ఒక్కసారి మందు తయారుచేస్తే మళ్ళీ మూలికలు ఏరుకోనక్కర్లేదు. దగ్గర గట్టి సారా ఉంటే ధ్యానం చేయగానే సీసాలు వాటంతటవే నిండుతాయి. మొదట్లో బలహీనం, కాస్త ఓపిక పట్టాలి. వంటింట్లో డబ్బాలు నింపుకున్నట్టు ఒక్కో మందూ సమకూర్చుకుంటే సగం ఆటకొచ్చేసరికి అదే అన్నిటికంటే మొండి బిల్డ్. నెలకి రెండుసార్లు ఊరెళ్ళే నాలాంటివాళ్ళకి ఇది వరం. తిరిగొచ్చాక వేళ్ళు మొద్దుబారినా సీసాలు మొద్దుబారవు. డెత్ మార్చ్ కావాలనుకునేవాళ్ళు కూడా నన్నడిగితే ఈ దారినే రండి.

ఒక హెచ్చరిక. ఇందులో శత్రువు తల మీద ఎర్ర పుర్రె కనిపిస్తే వాడు మీకంటే చాలా లెవెల్స్ పైన ఉన్నాడని అర్థం. డిఫికల్టీ తగ్గించాలా అని ఆలోచించకండి, ఆ పని వదిలి వేరే పని చూసుకోండి. పోరాటం మధ్యలో సేవ్ కుదరదు, ముందే చేసుకోండి.

ఎల్డెన్ రింగ్: మెనూలో లేని డిఫికల్టీ

డిఫికల్టీ తగ్గించాలా, బిల్డ్ మార్చాలా అన్న అసలు గొడవంతా దీని గురించే కాబట్టి కొంచెం ఎక్కువసేపు కూర్చుందాం.

ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ 2022 ఫిబ్రవరిలో వదిలిన ఈ ఆటలో డిఫికల్టీ అనే మాటే లేదు. అందుకని అందరికీ ఒకే కష్టం అనుకుంటారు. నిజానికి ఇక్కడున్నన్ని డిఫికల్టీ స్థాయిలు ఇంకెక్కడా లేవు, అవి మెనూలో కాకుండా లోకంలో చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. ఆత్మల్ని పిలిచే గంట తీసుకుంటే ఒక స్థాయి దిగినట్టు. ఆయుధాన్ని కమ్మరి దగ్గర రెండుసార్లు పదును పెట్టించుకుంటే ఇంకో స్థాయి. మార్గిట్ అనే మొదటి పెద్ద బాస్ దగ్గర ఇరుక్కుంటే అతన్ని వదిలేసి దక్షిణాన వీపింగ్ పెనిన్సులాకి వెళ్ళి బలం పెంచుకురావొచ్చు. అసలు ఆ కోటలోకి అడుగు పెట్టకుండా పక్కదారిలో తర్వాతి ప్రాంతానికి దాటిపోవచ్చు కూడా. ఇవేవీ చేయకుండా మార్గిట్ ముందే కూర్చుని తిట్టుకోవడం నేల విడిచి సాము. నేనూ చేశాను, రెండు వారాలు.

చస్తే ఏం పోతుందన్న కొలతలో ఇది మధ్యస్థం. చచ్చిన చోట రూన్స్ (లెవెల్ పెంచుకోవడానికి, కొనుక్కోవడానికి వాడే డబ్బు) పడిపోతాయి. వెళ్ళి తీసుకోవచ్చు. తీసుకునేలోపు మళ్ళీ చస్తే గోవిందా. చాలా బాస్‌ల పక్కన, చచ్చాక మళ్ళీ లేచే చోటైన మారికా శిలలు ఉంటాయి కాబట్టి తిరిగి నడిచే బాధ తక్కువ. ఆట ఎప్పటికప్పుడు తనే సేవ్ చేసుకుంటుంది, కరెంటు పోయినా పెద్దగా నష్టం ఉండదు. కానీ అమ్మ ఫోన్ వస్తే? పాజ్ లేదు. నేను బాస్ గది బయటికొచ్చాకే కాల్‌బ్యాక్ చేస్తాను, "ఎక్కడున్నావురా ఇంతసేపు" అని తిట్లు తింటాను.

ఇక బిల్డ్. ముందు ఏ బిల్డ్‌కైనా వర్తించే లెక్క ఒకటి. కొత్తవాళ్ళు వచ్చిన పాయింట్లన్నీ బలానికో తెలివికో పోసేసి ప్రాణం పెంచే విగర్‌ని పదిహేను దగ్గర వదిలేస్తారు. తర్వాత ఒక్క దెబ్బకి పడిపోతే ఆటని తిడతారు. ఆడలేక మద్దెల ఓడు అంటే ఇదే. విగర్ 40 దగ్గర 1450 హెచ్‌పీ (ప్రాణం అంకె) ఉంటుంది, 60 దగ్గర 1900, 99 దగ్గర 2100. అంటే 40 నుంచి 60 దాకా 20 పాయింట్లకి 450 వస్తే, ఆ పైన 39 పాయింట్లకి వచ్చేది 200. సగం ఆట దాటేసరికి 40 చేరండి, చివరి బాస్‌లకి 60. ఆ పైన ఒక్క పాయింటు కూడా వద్దు. ఒక దెబ్బ ఎక్కువ తట్టుకోవడమంటే ఒక తప్పుకి క్షమాపణ దొరకడం. వారానికోసారి ఆడేవాడు తప్పులు ఎక్కువ చేస్తాడు, వాడికి క్షమాపణలు ఎక్కువ కావాలి.

బరువు కూడా చూసుకోండి. మోయగలిగిన దానిలో 70 శాతం దాటితే రోల్ బస్తా దొర్లినట్టు ఉంటుంది. సగం మంది "నా టైమింగ్ బాలేదు" అని ఏడ్చేది ఆ బరువు వల్లే.

మొదలుపెట్టడానికి పది క్లాసులు ఉన్నాయి. అన్నీ చెప్పను.

*వాగబాండ్, డాలు, ఈటె.* పది మందిలో ఏడుగురికి నేను చెప్పేది ఇదే. డాలు ఎత్తి పెట్టి దాని వెనక నుంచే ఈటెతో పొడవొచ్చు. అందంగా ఉండదు. మా రూమ్మేట్ దీన్ని "పిరికి బిల్డ్" అంటాడు. కానీ రోల్ టైమింగ్ మరిచిపోయినవాడికి డాలు అన్నీ గుర్తుచేసే దాకా ప్రాణం నిలబెడుతుంది.

*బలం బిల్డ్, పెద్ద కత్తి.* రెండు చేతులతో పట్టుకుంటే బలం ఒకటిన్నర రెట్లుగా లెక్కిస్తుంది. 20 ఉంటే 30 ఉన్నట్టు. అందుకే ఇది పాయింట్ల విషయంలో పొదుపు. దెబ్బ నెమ్మది కాబట్టి ఎప్పుడు కొట్టాలో తెలియాలి. దూకి కొట్టడం ఒక్కటి అలవాటు చేసుకుంటే చాలు. చేతి బిల్డ్‌లలో నేర్చుకోవాల్సింది తక్కువ ఉన్నది ఇదే.

*సామురాయ్.* మొదటి నుంచే మంచి కత్తి, విల్లు చేతిలో ఉంటాయి. ఆ కత్తి దెబ్బలు వరసగా తగిలితే రక్తస్రావం మొదలై శత్రువు మొత్తం బలంలో ఒక వంతు ఒక్కసారిగా కోసేస్తుంది. పెద్ద బాస్‌ల మీద అందుకే అంత పేరు. రోజూ గంట కూర్చోగలిగేవాళ్ళకి నచ్చుతుంది. వారానికోసారి వచ్చేవాళ్ళకి దగ్గరికెళ్ళి మూడు దెబ్బలు వేసి బయటపడే ఆ లయ దొరకడం కష్టం.

*ఆస్ట్రాలజర్.* ఈ మంత్రగాడి క్లాసుని "ఈజీ మోడ్" అని వెక్కిరిస్తారు. వెక్కిరించనివ్వండి. దూరం నుంచి కొడితే బాస్ కదలికలు చూసి నేర్చుకోవడానికి టైమ్ దొరుకుతుంది. ధైర్యం ఉంటే గుర్రమెక్కి కేలిడ్ అనే ప్రాంతంలోని శిథిలాల దాకా పరుగెత్తి మీటియరైట్ స్టాఫ్ అనే మంత్రదండం తెచ్చుకోండి. దానికి తెలివి 18 చాలు, అప్‌గ్రేడ్ చేసే ఖర్చు లేదు. రాక్ స్లింగ్ మంత్రం కూడా అక్కడే నేలమాళిగలో ఉంది. ఆ రెండింటితో మొదటి సగం ఆట తేలిక. లోటు ఏమిటంటే ఒళ్ళు గాజు. మంత్రం ఎత్తగానే పక్కకి దూకే శత్రువులు, ఒక్క గంతులో మీద పడే బాస్‌లు ఉన్నారు. సరిగ్గా అప్పుడు రోల్ రాకపోతే కత్తివాడి కంటే ముందు మీరే పోతారు.

ఆత్మల్ని పిలవాలా వద్దా అన్నది ఇంకో గొడవ. నోక్రాన్ అనే చోట దొరికే మిమిక్ టియర్ అనే ఆత్మ మీ రూపంలోనే వచ్చి మీ ఆయుధాలతోనే కొడుతుంది. బాస్ చూపు దాని మీదకి మళ్ళగానే మీకు మందు తాగడానికి ఊపిరి దొరుకుతుంది. ఆట తయారుచేసినవాళ్ళే పెట్టిన వస్తువుని వాడితే మోసం ఎలా అవుతుందో నాకు అర్థం కాదు. కాకపోతే ఒక నిజం ఉంది. దాన్ని మొదటిసారే పిలిస్తే బాస్ ఏం చేస్తాడో మీరు నేర్చుకోరు, అది పడిపోయాక దిక్కుతోచదు. నేను మొదటి ఐదుసార్లు ఒక్కడినే చచ్చి, ఆరోసారి నుంచి పిలుస్తాను.

మనసు మారితే రెన్నాలా అనే బాస్‌ని ఓడించాక ఆమె దగ్గరే మొత్తం మార్చుకోవచ్చు. ప్రతిసారీ లార్వల్ టియర్ అనే వస్తువు ఒకటి కావాలి. అవి లెక్కపెట్టినన్నే ఉంటాయి కానీ మామూలు మనిషికి సరిపోతాయి. కాబట్టి మొదటి క్లాసు గురించి మరీ టెన్షన్ వద్దు.

సైబర్‌పంక్ 2077, కింగ్‌డమ్ కమ్: క్లుప్తంగా

సైబర్‌పంక్ గురించి 2020లో రాసిన సలహాలేవీ చదవకండి. 2023 సెప్టెంబరులో వచ్చిన 2.0 అప్‌డేట్ బిల్డ్‌లని మొత్తం తిరగరాసింది. కవచం బట్టల్లోంచి ఒంట్లో పెట్టించుకునే సైబర్‌వేర్‌లోకి వెళ్ళింది. శత్రువులు మీ లెవెల్‌తో పాటే పెరుగుతారు. బుర్ర బిల్డ్ కావాలంటే ఇంటెలిజెన్స్ పెంచి నెట్‌రన్నర్, అంటే హ్యాకర్. కెమెరాలోకి దూరి, మీరు గోడ వెనక కూర్చునే గదిలో అందర్నీ పడగొట్టొచ్చు. చేతి బిల్డ్ కావాలంటే శాండెవిస్తాన్ అనే సైబర్‌వేర్, కత్తి. కాలం నెమ్మదవుతుంది కాబట్టి చేయి మందగించినవాళ్ళకి కూడా పరవాలేదు. వెరీ హార్డ్ జోలికి మొదటిసారి వెళ్ళొద్దు. హార్డ్ చాలు.

కింగ్‌డమ్ కమ్ తలకిందుల ఆట. 1403 నాటి బొహీమియాలో హెన్రీ అనే కమ్మరి కొడుకు. వాడికి కత్తి పట్టడం రాదు, చదవడం కూడా రాదు. మొదటి పది గంటల్లో ఇద్దరు దొంగలు ఎదురైతే పరుగెత్తడమే బిల్డ్. రటాయ్ అనే ఊళ్ళో కెప్టెన్ బెర్నార్డ్ దగ్గర చెక్క కత్తితో గంటల తరబడి సాధన చేస్తే ఒక్కసారిగా తేలికవుతుంది. సేవ్ చేయాలంటే సేవియర్ ష్నాప్స్ అనే సారా తాగాలి లేదా మంచం మీద పడుకోవాలి. ఆట మూసి బయటికి వెళ్ళేటప్పుడు సేవ్ అయ్యే దారి ఉంది కాబట్టి ఉద్యోగస్తులకి బతుకుంది. ఓపిక లేకపోతే దీన్ని కొనొద్దు.

ఇంతకీ మీరు ఎవరు?

రోజూ ఆఫీసు నుంచి వచ్చి గంట కూర్చునేవాళ్ళు: ఎల్డెన్ రింగ్. రోజూ వాడే చేయి మరిచిపోదు. బలం బిల్డ్ గానీ సామురాయ్ గానీ. ఒక రాత్రికి ఒక బాస్ అని పెట్టుకోకండి, ఒక రాత్రికి ఒక గుహ అనుకోండి.

శనాదివారాలు మాత్రమే, అవి కూడా ఒక వారం ఊరు, ఒక వారం ఇక్కడ: విచర్ 3, మూడో స్థాయి, ఆల్కెమీ. మూడో స్థాయి భయమనిపిస్తే రెండోదానితో మొదలుపెట్టి, మొదటి ఊరు దాటాక పెంచండి.

ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నవాళ్ళు, ఎప్పుడు లేవాల్సి వస్తుందో తెలియనివాళ్ళు: స్కైరిమ్, అడెప్ట్, చాటు బిల్డ్. పాజ్ లేని ఆట మీకు మనశ్శాంతి ఇవ్వదు. మా టీమ్‌లో ఒకాయన ఎల్డెన్ రింగ్ కొని, పాప ఏడ్చినప్పుడల్లా చచ్చి, నెలకి అమ్మేశాడు.

కథ కోసం వచ్చినవాళ్ళు: విచర్ మొదటి స్థాయి పెట్టుకోండి, ఎవరికీ చెప్పనక్కర్లేదు. సంభాషణలు, నిర్ణయాలు అన్నీ అవే. పోయేది నూనె పూసే పని మాత్రమే.

ఒకే బాస్ దగ్గర ఇరుక్కుని ఇది చదువుతున్నవాళ్ళు: ముందు ఆ బాస్ మిమ్మల్ని ఎన్ని దెబ్బల్లో చంపుతున్నాడో లెక్కపెట్టండి. ఒకటో రెండో అయితే తప్పు బిల్డ్‌ది, ప్రాణం పెంచండి లేదా వేరే చోటికెళ్ళి లెవెల్ పెంచుకురండి. ఐదారు తట్టుకుని కూడా పోతుంటే ఆయుధం పదును చూడండి, పోరాటం మరీ పొడుగవుతోందన్నమాట. రెండూ సరిగ్గా ఉండి పోతుంటే డిఫికల్టీ మీటని తాకకుండా ఆ రాత్రికి పడుకోండి. అది వేళ్ళ సమస్య, తెల్లారాక సగం దానంతటదే సర్దుకుంటుంది.

మా పిన్ని కొడుకుకి ఇదంతా చెప్పాను. వాగబాండ్ తీసుకో, డాలు వదలకు, మొదట ఎదురయ్యే బంగారు రౌతు జోలికి పోకు, పక్క నుంచి జారిపో అని. వాడు రెచ్ అనే క్లాసు తీసుకున్నాడు. లెవెల్ ఒకటి, ఒంటి మీద గుడ్డ లేదు, చేతిలో దుడ్డుకర్ర. ఆటలో అంతకంటే ఏమీ లేని క్లాసు ఇంకొకటి లేదు. రాత్రి పదకొండుకి ఫోన్. "అన్నా, గుర్రం మీద బంగారు కవచంతో ఒకడున్నాడు, వాడు ఇరవైసార్లు చంపాడు." పక్క నుంచి వెళ్ళిపోరా అన్నాను. "వెళ్తాలే, ఇంకొక్కసారి" అన్నాడు. నిన్న కూడా వెళ్ళలేదు. కొత్త ఉద్యోగంలో చేరడానికి వాడికి ఇంకా నాలుగు రోజులు టైముంది.